నీడిల్‌పాయింట్ క్రిస్మస్ ఆర్నమెంట్లు: ఎక్కడ తేడా వస్తుంది, ఎలా సరిచేసుకోవాలి

నీడిల్‌పాయింట్‌లో (గళ్ళ కాన్వాస్‌ని దారపు కుట్లతో నింపే పనిలో) తప్పు పుట్టే చోటు ఒకటి, కనబడే చోటు ఇంకొకటి. మొదటి రోజు ఎంచుకున్న కుట్టు వల్ల వచ్చే వంకర, కాన్వాస్‌ని ఫ్రేమ్ నుంచి విప్పాక గాని బయటపడదు. అప్పుడు అంచులు కత్తిరించి సరిచేద్దామనుకుంటాం, పని ఇంకా పాడవుతుంది. అందుకే కళ్ళకు కనబడేదాని నుంచి మొదలుపెట్టి, అది ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళాలి.

ఇక్కడ రాసినవన్నీ అంగుళానికి 18 గళ్ళుండే మోనో కాన్వాస్ మీద, టెంట్ స్టిచ్ అనే చిన్న ఏటవాలు కుట్టుతో చేసే మూడు నాలుగు అంగుళాల ఆర్నమెంట్ల గురించి. దీనికి మొన మొద్దుగా ఉండే 22 నంబరు టాపెస్ట్రీ సూది సరిపోతుంది.

గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా సాగింది

అందరికీ ఎదురయ్యే సమస్య ఇదే. కారణం చేతి బిగువు అనుకుంటారు. బిగువు కొంత కారణమే, అసలు కారణం కుట్టు రకం. టెంట్ స్టిచ్ వేసే మూడు పద్ధతుల్లో హాఫ్ క్రాస్ గానీ కాంటినెంటల్ గానీ వాడితే ప్రతి కుట్టూ కాన్వాస్‌ని ఒకే మూలకి లాగుతుంది. వేల కుట్లు ఒకే వైపు లాగితే చదరం ఏటవాలుగా ఒరిగిపోతుంది, వృత్తం కోలగా మారుతుంది.

మూడో పద్ధతి, ఐమూల వరుసల్లో కుట్టే బాస్కెట్‌వీవ్‌తో ఈ బాధ చాలావరకు ఉండదు. ముందు వైపు మూడూ ఒకేలా కనిపిస్తాయి. తిరగేసి చూస్తే మాత్రం బాస్కెట్‌వీవ్ వెనక దారాలు అడ్డంగా, నిలువుగా బుట్ట అల్లినట్టు పేరుకుని ఉంటాయి. ఆ అల్లికే కాన్వాస్‌ని నిలబెడుతుంది. దారం ఎక్కువ పడుతుందని దీన్ని మానేయకండి. సన్నని గీతలకు, ఒకటి రెండు కుట్ల వివరాలకు కాంటినెంటల్ వాడండి, నేపథ్యమంతా బాస్కెట్‌వీవ్‌తో నింపండి.

ఇప్పటికే ఒరిగిపోయిన దాన్ని బ్లాకింగ్‌తో, అంటే సరైన ఆకారానికి లాగి పిన్నులతో బిగించి, సరిచేయొచ్చు. ముందు తడిపిన తెల్లని దూదిని ప్రతి రంగు మీదా, ముఖ్యంగా ఎరుపు మీద, కాసేపు అద్దిపెట్టి చూడండి. రంగు అంటకపోతే వెనక వైపు నీళ్ళు చల్లి చెమ్మ చేయండి, నానబెట్టొద్దు. మెత్తని చెక్క మీద తెల్లగుడ్డ పరిచి, కాన్వాస్ ఒరిగిన దిక్కుకి ఎదురు మూలకి లాగుతూ, కుట్టని అంచు మీద అర అంగుళానికి ఒకటి చొప్పున తుప్పు పట్టని పిన్నులు గుచ్చండి. పూర్తిగా ఆరేదాకా కదపొద్దు. ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. తొందరపడి చెమ్మ ఉండగానే తీస్తే మళ్ళీ పాత వంకరకే పోతుంది. బాగా ఒరిగినదైతే రెండు మూడు సార్లు చేయాలి. సిల్కు, మెటాలిక్ దారాలు ఉంటే నీళ్ళు వద్దు, ఇస్త్రీ పెట్టె తాకకుండా పైనుంచి ఆవిరి మాత్రం పట్టండి.

దూదికి రంగు అంటితే తడి జోలికే పోవద్దు. పొడిగానే లాగి పిన్నులు పెట్టి, వచ్చినంతవరకు సరిపెట్టుకోవడం మేలు. శాంటా కోటు ఎరుపు తెల్లటి గడ్డంలోకి దిగి ఆరిపోతే, ఆ గడ్డాన్ని విప్పి కుట్టడం తప్ప మార్గం లేదు.

నేపథ్యంలో ఐమూలగా గీత పడింది

బాస్కెట్‌వీవ్ వరుసలు ఒకటి కిందికి దిగితే ఇంకొకటి పైకి ఎక్కాలి. పక్కపక్కన రెండు వరుసలు ఒకే దిక్కుకి కుడితే వాటి మధ్య సన్నని గట్టు లేస్తుంది. ఎక్కువగా ఇది పని ఆపి మళ్ళీ మొదలుపెట్టిన చోటే జరుగుతుంది. వరుస చివర ఆపితే తర్వాత ఎటు వెళ్ళాలో గుర్తుండదు, అందుకే వరుస మధ్యలో ఆపండి.

మోనో కాన్వాస్‌లో దీనికి గుర్తు నేతలోనే ఉంది. దారాలు కలిసే ప్రతి చోటా పడుగు (నిలువు దారం) పైన ఉంటుంది, లేదా పేక (అడ్డ దారం) పైన ఉంటుంది. పడుగు పైన ఉన్న ఐమూల మీద కిందికి దిగండి, పేక పైన ఉన్న దాని మీద పైకి ఎక్కండి. నేత తెలిసిన ఇళ్ళలో పెరిగినవాళ్ళు దీన్ని ఒక్క చూపులో పట్టేస్తారు. ఇంటర్‌లాక్ కాన్వాస్‌లో దారాలు ఒకదానిలో ఒకటి మెలిపడి ఉంటాయి కాబట్టి ఈ గుర్తు దొరకదు. గీత పడ్డాక దాన్ని దాచే ఉపాయం లేదు. చిన్న కత్తెరతో వెనక నుంచి కోసి, ఆ రెండు వరుసలూ కొత్త దారంతో కుట్టాలి. విప్పిన దారం అరిగి ఉంటుంది, మళ్ళీ వాడొద్దు.

కుట్ల మధ్య కాన్వాస్ తెల్లగా కనిపిస్తోంది

దారం సన్నదైనా అవుతుంది, మెలిపడైనా ఉంటుంది. 18 గళ్ళకి నెం. 5 పెర్ల్ కాటన్ (మెలితిప్పిన మెరిసే నూలు దారం) ఒక్కటి చాలు. మన ఊళ్ళల్లో దొరికే యాంకర్ ఆరు పోగుల దారమైతే నాలుగు నుంచి ఆరు పోగులు కావాలి. పోగుల్ని ఒక్కొక్కటిగా విడదీసి మళ్ళీ కలిపితే అవి పక్కపక్కనే పరుచుకుని గడిని నింపుతాయి. కుడుతుంటే దారం మెలిపడుతుంది, కొన్ని కుట్లకోసారి సూదిని కిందికి వేలాడదీసి వదిలితే మెలి అదే విడిపోతుంది. 18 అంగుళాల కంటే పొడుగు దారం తీసుకోవద్దు. ముదురు రంగుల కింద కాన్వాస్‌కి ముందే అదే రంగు వేసుకుంటే సందుల్లో తెలుపు తగలదు. పని అయ్యాక గమనిస్తే, అదే రంగు ఒక్క పోగుతో ఆ కుట్ల మీదే ఇంకోసారి వెళ్ళండి.

తెలుపు మీద నీడలా కనిపిస్తే వెనక ముదురు దారం దాటి వెళ్ళిందని అర్థం. దాన్ని కోసి దగ్గరలోనే ముగించండి. పక్కపక్కన రంగులు మారే చోట ఖాళీ గడిలోంచి పైకి వచ్చి, నిండిన గడిలోకి దిగండి. అప్పుడు ఎర్ర నూగు తెలుపులోకి లేవదు.

అంతా బాగుంది, కానీ పాత కాలం వాటిలా లేదు

నాకు మనసుకి దగ్గరైన సమస్య ఇది. పాతది అనగానే అందరూ రంగుల్ని మసకబారుస్తారు, కొందరు టీ నీళ్ళలో ముంచుతారు. టీలో ముంచొద్దు, అందులోని టానిన్ కాలక్రమంలో నూలుని బలహీనపరుస్తుంది. అసలు కారణం ఏ కాలమో తేల్చుకోకపోవడం.

19వ శతాబ్దపు బెర్లిన్ ఉన్ని పని (కాన్వాస్ మీద ఉన్నితో చేసే కుట్టుపని) నమూనాలు నిజానికి ముదురు రంగులవి. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ మావ్ అనే కృత్రిమ ఊదా రంగు కనుక్కున్నాక ఉన్ని రంగులు ఇంకా ఘాటెక్కాయి. ఇప్పుడు మనం చూసే మసక ఎండవెలుతురు పెట్టింది. పాత ముక్క దొరికితే తిరగేసి చూడండి, వెలుతురు తగలని వెనకవైపు అసలు రంగు మిగిలి ఉంటుంది. కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోండి: కొత్తగా ఉన్ననాటి ఘాటు రంగులు, లేదా వెలిసిన రంగులు. రెండూ కలిస్తే కన్ను నమ్మదు.

1937లో అమెరికాలో మాక్స్ ఎకార్ట్ మొదలుపెట్టిన షైనీ బ్రైట్ గాజు బంతుల తరహా అయితే లెక్క వేరు. అవి లోపల వెండి పూత ఉన్న గాజు. ఒకే రంగుతో నింపితే బంతి బిళ్ళలా చదునుగా కనిపిస్తుంది. అంచున ముదురు, లోపల మధ్యరకం, వెలుతురు పడే వైపు లేత, ఇలా మూడు ఛాయలు కావాలి. మెరుపు చుక్కని మధ్యలో కాకుండా పైన ఒక పక్కకి, ఎనిమిది పది కుట్లలో ఐవరీతో పెట్టండి. రెండో ప్రపంచ యుద్ధం నాటివైతే వెండి కొరత వల్ల పూత లేని గాజు మీద సన్నని రంగు చారలే ఉండేవి, బంతి పైనుండే టోపీ కూడా లోహం బదులు కాగితంతో చేశారు. ఆ కాలం కావాలంటే మెటాలిక్ దారమే వద్దు.

మెటాలిక్ దారం చీలిపోతోంది

పొడుగు తగ్గించండి, 12 అంగుళాలు చాలు. గడిలో రాసుకునే కొద్దీ పూత లేస్తుంది. బెజ్జం కాస్త పెద్దదైన సూది వాడితే గడి తెరుచుకుని దారం ఒరుసుకోకుండా దాటుతుంది. నెమ్మదిగా లాగండి.

పూర్తి చేశాక అంచున కాన్వాస్ కనిపిస్తోంది, చుట్టూ ముడతలు

బొమ్మ గీత దగ్గరే కుట్టడం ఆపడం వల్ల ఇలా అవుతుంది. అంచు మడిచినప్పుడు చివరి కుట్లు వెనక్కి వెళ్తాయి. గీత దాటి రెండు వరుసలు అదనంగా కుట్టండి, ఆ చుట్టూ రెండు అంగుళాల ఖాళీ కాన్వాస్ మొదటి నుంచీ ఉంచుకోండి. గుండ్రని అంచుకి లోపలి మడతలో అర అంగుళానికి ఒకటి చొప్పున గాట్లు పెడితే ముడత రాదు. గాటు కుట్టుని తాకకూడదు, ముందే అక్కడ గుడ్డ జిగురు పల్చగా రాయండి. ఇప్పటికే కాన్వాస్ కనిపిస్తుంటే, అంచు వెంట మెలితిప్పిన తాడు కుట్టడమే మందు. నరసాపురం క్రోషే లేసు సన్నది దొరికితే తాడు బదులు దాన్ని చుట్టండి. ఆ పని గోదావరి ప్రాంతానికి 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారానే వచ్చింది కాబట్టి క్రిస్మస్ ఆర్నమెంట్‌కి పరాయిది కాదు.

ఆర్నమెంట్ వేలాడదీసినప్పుడు ఒక పక్కకి వాలితే, తగిలించే దారం మధ్య నుంచి జరిగిందన్నమాట. వెనక గుడ్డ వేయకముందే పిన్నుతో పట్టి, చేత్తో వేలాడదీసి చూసి అప్పుడు కుట్టండి.

దాచి తీస్తే మచ్చలు, పురుగు

ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూటకట్టడమే కారణం. కోస్తా ఉక్కకి లోపల చెమ్మ పడుతుంది, ఉన్నికి పురుగు కూడా తగులుతుంది. ఒక్కొక్కటి ఉతికిన నూలు గుడ్డలో విడిగా చుట్టి, అట్టపెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. కలరా ఉండలు పెట్టాల్సి వస్తే గుడ్డలో కట్టి మూలన ఉంచండి, మెటాలిక్ దారానికి తగలనివ్వొద్దు. వానాకాలం దాటాక ఒకసారి తీసి నీడలో గాలి తగలనివ్వండి.