లాగ్ లోపల రూట్ ఉంటే ఏం చేయాలి?

లాగ్ పక్కన రూట్ గుర్తు కనిపించగానే చాలామంది సూత్రాల జాబితా వెతుక్కుంటారు. నా దగ్గర లెక్కలు నేర్చుకునేవాళ్ల చేత నేను ఆ జాబితా పక్కన పెట్టిస్తాను. ముందు రూట్ గుర్తు తీసేసి, దాని బదులు భిన్నాన్ని ఘాతాంకంగా రాయమంటాను. వర్గమూలమైతే 1/2, ఘనమూలమైతే 1/3, ఐదో మూలమైతే 1/5. ఇక మిగిలేది మామూలు ఘాతాంకాల లెక్కే.

లాగ్₂ √32 చూడండి. 32 అంటే 2⁵. దాని వర్గమూలం 2^(5/2). ఈ సంఖ్య రావాలంటే 2 మీద ఏ పవర్ ఉండాలన్నదే ప్రశ్న కాబట్టి జవాబు 5/2. రూట్ హారంలో ఉంటే మైనస్ వస్తుంది, అంతే: లాగ్₂ (1/√8) = −3/2.

లోపలి సంఖ్య ఆధారానికి (లాగ్ పక్కన కింద రాసే చిన్న సంఖ్యకి) ఘాతంగా కుదరకపోతే విడగొట్టండి. లాగ్₁₀ √50లో 50ని 100/2గా రాస్తే, (2 − లాగ్₁₀ 2)/2 వస్తుంది. లాగ్₁₀ 2 సుమారు 0.3010 కాబట్టి జవాబు సుమారు 0.8495.

రూట్‌లో రూట్ ఉన్నప్పుడే అసలు తికమక. లాగ్₂ √(2√(2√2)) ఇస్తే నేనైతే అన్నిటికన్నా లోపలి రూట్ దగ్గర మొదలుపెడతాను. √2 అంటే 2^(1/2). ముందున్న 2తో గుణిస్తే ఘాతాంకం 3/2, దానికి వర్గమూలం తీస్తే 3/4. మళ్లీ 2తో గుణిస్తే 7/4, బయటి వర్గమూలంతో 7/8. అదే జవాబు. గుణిస్తే ఘాతాంకానికి 1 కలుస్తుంది, వర్గమూలం తీస్తే సగమవుతుంది. ఈ రెండూ ఒకే అడుగులో చేయకండి, తప్పులన్నీ అక్కడే దొర్లుతాయి.

ఈ సగమయ్యే గుణం చిన్నదేమీ కాదు. 1624లో 14 దశాంశ స్థానాల సంవర్గమాన (లాగ్) పట్టికలు అచ్చువేసిన హెన్రీ బ్రిగ్స్ తన లెక్కల కోసం 10కి వరసగా 54 సార్లు వర్గమూలం తీశాడు. అదీ చేత్తో! తీసిన ప్రతిసారీ సంఖ్య 1కి దగ్గరవుతుంది, దాని లాగ్ మాత్రం కచ్చితంగా సగమవుతుంది.

రూట్ ఆధారంలో ఉంటే వ్యవహారం తలకిందులవుతుంది. ఆధారం √3 అయినప్పుడు 27 లాగ్ ఎంత? దీనికి వేరే సూత్రం బట్టీ పట్టనక్కర్లేదు. 3^(జవాబు/2) = 3³ అని రాస్తే జవాబు 6 అని తేలిపోతుంది. ఆధారం 3 అయితే వచ్చే 3 ఇక్కడ రెట్టింపైంది. ఆధారంలోనూ లోపలా వర్గమూలమే ఉంటే రెండూ కొట్టేసుకుంటాయి: ఆధారం √2 అయితే √32 లాగ్ 5.

రూట్ కింద ప్లస్ ఉంటే విడదీయకండి. లాగ్₁₀ √(36 + 64) అంటే లాగ్₁₀ 10, అంటే 1. విడివిడిగా రాసి కలిపితే లాగ్₁₀ 6 + లాగ్₁₀ 8, సుమారు 1.68.

రూట్ లాగ్ లోపల ఉందా, లాగ్ మొత్తం మీద ఉందా అన్నదీ చూసుకోవాలి. లాగ్₂ √512 = 9/2. √(లాగ్₂ 512) మాత్రం √9, అంటే 3. ఇక్కడ 512 బదులు 16 తీసుకుంటే రెండూ 2 అవుతాయి. అందుకే ఈ తేడా చెప్పేటప్పుడు నేను 16 జోలికి పోను.

చివరగా రుణ సంఖ్యల సంగతి. లాగ్₁₀ √((−5)²)లో తొందరపడి 2నూ 1/2నూ కొట్టేస్తే లాగ్₁₀ (−5) మిగులుతుంది. వాస్తవ సంఖ్యల్లో అలాంటిది లేదు. ముందు వర్గం చేస్తే 25, దాని వర్గమూలం 5, కాబట్టి జవాబు లాగ్₁₀ 5. వర్గం చేసిన చలరాశి రూట్ కింద ఉన్నప్పుడు పరమ మూల్యం (మైనస్ తీసేసిన విలువ) గుర్తు పెట్టమనేది ఇందుకే.