ఫైటింగ్ గేమ్ హైలైట్ వీడియో - 3వ పాఠం: ఎక్కడ కట్ చేయాలి

పోయిన పాఠంలో ఓబీఎస్ అనే స్క్రీన్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో సెకనుకి 60 ఫ్రేములు, ఎంకేవీ ఫార్మాట్ పెట్టి రికార్డ్ చేయమన్నాను. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయింది మిగులుతుంది కాబట్టే ఎంకేవీ. మే నెలలో పటమటలో మా వీధి సంగతి తెలిసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆ ఫైల్‌ని ఓబీఎస్ ఫైల్ మెనూలోనే రీమక్స్ చేసి ఎంపీ4గా మార్చుకోండి. క్వాలిటీ ఏమీ తగ్గదు.

ఎడిటింగ్‌కి డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. ఒక్క జాగ్రత్త: క్లిప్పులు లోపలికి తెచ్చే ముందే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు 60కి మార్చండి, తర్వాత మార్చాలంటే తలనొప్పి. 30లో ఎడిట్ చేస్తే సగం ఫ్రేములు పోతాయి, దెబ్బ తగిలినప్పుడు ఒకటి రెండు ఫ్రేములు మాత్రమే మెరిసే వెలుగు కూడా వాటితోపాటే పోవచ్చు.

ఇక అసలు విషయం. నా మొదటి వీడియోలో పన్నెండు కాంబోలు (అవతలివాడికి తప్పించుకునే వీల్లేకుండా ఒకదాని వెంట ఒకటి తగిలే దెబ్బలు) వరసగా అతికించి పెట్టాను. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావకి చూపిస్తే, మొత్తం చూసి ఒకే మాట అడిగాడు: "అది సరే, అసలు వాడెందుకు దొరికిపోయాడు?" దానికి జవాబు నా వీడియోలో ఎక్కడా లేదు, ఎందుకంటే ప్రతి క్లిప్పూ మొదటి దెబ్బ దగ్గరే మొదలవుతోంది. కాంబో అనేది ఇంట్లో ప్రాక్టీస్ మోడ్‌లో కూర్చుంటే ఎవరికైనా వస్తుంది, ఆటగాడి గొప్పతనం దానికి ముందు జరిగినదాంట్లో ఉంటుంది.

ఒక క్లిప్ తీసుకుని చూద్దాం. గేమ్ టెక్కెన్ 8, మా ఫ్రెండ్ ఆడేది జిన్ అనే పాత్రతో, అవతలివాడు బ్రయాన్ అనే పాత్రతో. బ్రయాన్‌కి స్నేక్ ఎడ్జ్ అని కాళ్ల మీదికి ఊడ్చే తన్ను ఒకటుంది, తగిలిందంటే మనిషి గాల్లోకి లేస్తాడు, ఆ తర్వాత కాంబోయే. కానీ అది నెమ్మదైన తన్ను, తగలడానికి దాదాపు అరసెకను పడుతుంది, కాబట్టి చూసి కూర్చుని బ్లాక్ చేయగలిగితే అవతలివాడే మన చేతికి చిక్కుతాడు. మొదటి రౌండ్‌లో మావాడు అదే తన్ను రెండుసార్లు తిన్నాడు. మూడో రౌండ్‌లో లైఫ్ బార్ (ఎంత ప్రాణం మిగిలిందో చూపే పట్టీ) చివరికొచ్చేసిన టైమ్‌లో బ్రయాన్ మళ్లీ అదే వేశాడు, మావాడు కూర్చున్నాడు, బ్లాక్ అయింది, పైకి లేపి రౌండ్ ముగించేశాడు.

నేను మొదట ఈ చివరి కాంబో ఒక్కటే కట్ చేసి పెట్టాను, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మొదటి రౌండ్‌లో దెబ్బ తిన్న ముక్క ఒకటి, రెండు సెకన్లే, ముందు పెట్టి, మూడో రౌండ్‌ని కూర్చోవడానికి నాలుగు సెకన్ల ముందు నుంచి మొదలుపెట్టాను. ఆ కూర్చోవడం కనపడగానే ఏలూరు రోడ్డు గేమింగ్ సెంటర్లో చూస్తున్న కుర్రాళ్లు కాంబో మొదలవకముందే "అబ్బా" అన్నారు. ఆ "అబ్బా" ఎక్కడ వస్తుందో అదే మీ హైలైట్, కాంబో దాని వెనకాల వచ్చేది.

డైగో ఉమెహారా, జస్టిన్ వాంగ్ 2004లో ఎవో అనే ఫైటింగ్ గేమ్ టోర్నమెంట్‌లో ఆడిన స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్ మ్యాచ్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఈసారి డైగో ఆడే కెన్ లైఫ్ బార్ మీదే కన్నుపెట్టి చూడండి. అందులో గీతంత ప్రాణమే ఉంది, జస్టిన్ ఆడే చున్‌లీ వేసే సూపర్ అనే పెద్ద దాడిని బ్లాక్ చేసినా ఆ కాస్తా కరిగిపోయి ఓడిపోతాడు, కాబట్టి వరసగా పడే పదిహేను దెబ్బల్నీ సరిగ్గా తగిలే క్షణంలో స్టిక్ ముందుకు తోసి ప్యారీ చేయడం (ప్రాణం ఏమాత్రం పోకుండా దెబ్బని పక్కకి నెట్టేయడం) తప్ప దారి లేదు. ఆ బార్ కనపడకపోతే అది మామూలు గెలుపులా ఉంటుంది. అందుకే మీ వీడియోలో జూమ్ ఎంత చేసినా లైఫ్ బార్‌ని మాత్రం ఫ్రేమ్ బయటికి పోనివ్వకండి. మీ లోగో కూడా దాని మీద వేయకండి, ఇది నేను చాలా చోట్ల చూస్తున్నాను, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

స్లో మోషన్ గురించి క్లుప్తంగా: ముందు అసలు స్పీడ్‌లో చూపించండి, కావాలంటే తర్వాత స్లోలో మళ్లీ వేయండి. 60 ఫ్రేముల క్లిప్‌ని సగం స్పీడ్‌కి తెస్తే సెకనుకి 30 అసలు ఫ్రేములు మిగులుతాయి, బాగానే కనిపిస్తుంది, పావు స్పీడ్‌కి తెస్తే 15 మాత్రమే, గతుకుల రోడ్డు మీద ఆటో ఎక్కినట్టుంటుంది.

క్లిప్ చివర కూడా తొందరపడొద్దు. కేవో (నాకౌట్) అనగానే కట్ చేయకుండా ఒకటిన్నర సెకను వదలండి, గదిలో కేకలుంటే అవి పూర్తిగా వినపడనివ్వండి.

వచ్చే పాఠానికి హోమ్‌వర్క్: మీ పాత మ్యాచ్‌ల్లోంచి ఒక రౌండ్ తీసుకుని, గెలిపించిన దెబ్బ నుంచి వెనక్కి నడుస్తూ, అవతలివాడు తప్పు చేసిన ఫ్రేమ్ దగ్గర మార్కర్ పెట్టండి (రిజాల్వ్‌లో ఎమ్ కీ నొక్కితే చాలు). గేమ్‌లో సేవ్ చేసిన రీప్లేలైతే ఇప్పుడే రికార్డ్ చేసి పెట్టుకోండి, కొత్త అప్‌డేట్ పడ్డాక పాతవి తెరుచుకోకపోవచ్చు. ఆ మార్కర్ పెట్టిన ఫైల్‌తోనే నాలుగో పాఠంలో సౌండ్ మొదలుపెడదాం.