ట్రాక్ డే ముందు టైర్లు ముందువి వెనక్కి మారుస్తున్నారా? కాస్త ఆగి ఇవి చూసుకోండి

మన సొంత కారునే రేస్ ట్రాక్ మీద వేగంగా నడుపుకునే రోజుని ట్రాక్ డే అంటాం. మొదటిసారి ట్రాక్ నుంచి తిరిగొచ్చి కారు కడుగుతుంటే ఎడమ ముందు టైరు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. బయటి అంచు రెండు వేళ్ల వెడల్పున గుండు. అదే టైరు లోపలి వైపు చూస్తే నిన్న షాపులో కొన్నట్టుంది. వెనక టైర్లయితే అసలు ట్రాక్‌కి రానేలేదన్నట్టు ఉన్నాయి. అప్పుడు నాకు తట్టింది అందరికీ తట్టేదే: వీటిని వెనక్కీ వాటిని ముందుకీ వేసేస్తే ఇంకో రెండు ట్రాక్ డేలు లాగించొచ్చు కదా అని. లాగించొచ్చు, అబద్ధమేం కాదు. కాకపోతే ఎప్పుడు మార్చాలి, ఏ టైరు ఎక్కడికి వెళ్లొచ్చు, మార్చాక కారు ఎలా ప్రవర్తిస్తుంది అన్నవి తెలియకుండా మారిస్తే టైర్ల మీద మిగిలే డబ్బు కంటే బంపర్ ఖర్చు ఎక్కువవుతుంది.

ముందుగా అరుగుదల ఎందుకు అలా వస్తుందో చూద్దాం. శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నాం కదా, ఒక చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు, తిరిగేది గడియారం ముల్లు దిశలో. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ కూడా అదే దిశ. అలా తిరిగితే కుడి మలుపుల పని ఎక్కువ, కుడికి తిప్పిన ప్రతిసారీ బండి బరువు ఎడమ వైపుకి ఒరుగుతుంది. పోలో, ఐ20 లాంటి, ముందు చక్రాలే లాగే కార్లలో లాగడం, తిప్పడం, బ్రేకు భారంలో పెద్ద వాటా అన్నీ ముందు టైర్ల నెత్తినే. అందుకే ఎడమ ముందు టైరు చస్తుంది, కుడి వెనకది దర్జాగా కూర్చుంటుంది. అమెరికాలో ఆస్టిన్ దగ్గరి సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌కో, కాలిఫోర్నియాలో లగూనా సెకాకో వెళ్లే మనవాళ్లు ఈ లెక్క తిరగేసుకోవాలి, ఆ రెండూ అపసవ్య దిశలో తిరిగే ట్రాకులు.

ఇక అసలు జాగ్రత్త. టైర్లు మార్చాల్సింది ముందువి అరిగిపోయాక కాదు, అరగడం మొదలైనప్పుడే. ముందు టైరు గుండు అయ్యేదాకా ఉంచి అప్పుడు వెనక్కి పంపితే ఏమవుతుందంటే, పట్టు ఉన్న టైర్లు ముందుకొస్తాయి, పట్టు లేనివి వెనక్కి చేరతాయి. ముందు చక్రాల కారు మామూలుగా ముందు జారుతుంది, స్టీరింగ్ తేలికవుతుంది, మనకి తెలుస్తుంది, యాక్సిలరేటర్ తగ్గిస్తే సర్దుకుంటుంది. ఇలా మార్చిన కారు అలా కాదు. మలుపు మధ్యలో భయపడి కాలు తీస్తే తోక బయటికి విసురుతుంది. నిన్నటిదాకా ఏ అలవాటు మనల్ని కాపాడిందో అదే ఇవాళ తిప్పి పడేస్తుంది. నేను గడ్డిలోకి వెళ్లింది సరిగ్గా ఇలాగే, అదీ మొదటి సెషన్ రెండో ల్యాప్‌లో, టైర్లు ఇంకా వేడెక్కకముందే. దేనికీ తగల్లేదు, అదృష్టం.

అందుకని ట్రెడ్, అంటే టైరు మీది గాడుల, లోతు కొలిచే చిన్న గేజ్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదేం కాదు. ప్రతి టైరుకీ లోపల, మధ్య, బయట మూడు చోట్లా కొలిచి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. నా లెక్క ఇది: ముందుకీ వెనక్కీ తేడా 1 మిల్లీమీటర్ దాటుతుంటే మార్చేస్తాను, 2 దాటిపోయిందంటే అరిగిన ముందువాటిని ఇక వెనక్కి పంపను, రెండు కొత్తవి కొని, ఆ కొత్తవి వెనక వేసి, వెనకున్న పాతవి ముందుకి తెస్తాను. ఖర్చయితే అయింది. విప్పిన టైరు ఏ మూలదో తెల్ల మార్కర్‌తో లోపలి గోడ మీద రాయండి. ఎము, కుము, ఎవె, కువె అని రాస్తే నా ఫ్రెండ్స్ నవ్వుతారు గానీ, నాలుగు నల్ల టైర్లు వరసగా గోడకి ఆనించాక ఏది ఏదో ఎవడికి గుర్తుంటుంది?

ఏది ఎక్కడికి వెళ్లొచ్చు అన్నది టైరు గోడ మీదే రాసుంటుంది. రొటేషన్ అని బాణం గుర్తు ఉంటే అది ఒకే దిశలో తిరగాల్సిన టైరు, ఎడమది ఎడమ వైపే ముందూ వెనకా మారాలి. అటు నుంచి ఇటు వేయాలంటే రిమ్ము నుంచి ఊడదీసి తిరగేసి ఎక్కించాలి. అలా చేస్తే ఒక లాభం కూడా ఉంది, అరిగిన బయటి అంచు లోపలికి పోతుంది. అవుట్‌సైడ్, ఇన్‌సైడ్ అని రాసి ఉండి బాణం లేదంటే ఆ టైరు ఏ మూలకైనా వెళ్తుంది, అవుట్‌సైడ్ అన్న వైపు బయటికే ఉండాలి, అంతే. వీటిని నేను మూలల్లో మారుస్తాను, ఎడమ ముందుది కుడి వెనక్కి, కుడి వెనకది ఎడమ ముందుకి, మిగతా రెండూ అలాగే. బాగా కష్టపడ్డదానికి తీరిక దొరుకుతుంది. వెనక టైర్లు ముందువాటికంటే వెడల్పుగా ఉన్న కారైతే ముందూ వెనకా మార్చే ప్రశ్నే లేదు. నాలుగు చక్రాలూ లాగే కారైతే తేడాని ఇంకా ముందే పట్టుకోవాలి, చుట్టుకొలతలు తేడా వస్తే లోపలి గేర్ల మీద, కప్లింగ్ మీద భారం పడుతుంది.

షాపులో మార్పిస్తే పక్కనే నిలబడండి. ఒకచోట కుర్రాడు బాణం టైర్లు రెండు తిరగేసి బిగించేశాడు, నేను టీ తాగడానికి వెళ్లిన పది నిమిషాల్లో. ఇంటికొచ్చాక చూసుకున్నాను, వాన నీళ్లు పక్కలకి నెట్టాల్సిన గాడులు మధ్యకి లాగేలా ఉన్నాయి. అక్కడే బ్యాలెన్సింగ్ కూడా చేయించండి. ట్రాక్ వేడికి రిమ్ము లోపల బ్యాలెన్స్ కోసం అతికించిన సీసం ముక్కలు ఊడిపోతుంటాయి, వెనక ఉన్నంత కాలం తెలియదు, ముందుకి రాగానే 80 దాటితే స్టీరింగ్ వణుకుతుంది.

ఇలా టైర్ల చోట్లు మార్చడం ఒక్కటే అరుగుదలని ఆపదు. బయటి అంచు మాత్రమే పోతోందంటే కారుకి నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగి ఉండటం) చాలడం లేదని అర్థం, అలాంటప్పుడు టైర్లు మార్చుకుంటూ పోతే నాలుగింటి అంచులూ వరసగా పాడవుతాయి. చేత్తో అడ్డంగా నిమిరితే ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపంలా తగిలితే టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తేడా ఉంది, అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లండి. ఇక గాలి. మన దగ్గర ఎక్కువ మంది ట్రాక్ కదా అని పొద్దునే 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టించుకుని వస్తారు. టైరు లోపల వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే గాలి దాదాపు 1 పీఎస్ఐ పెరుగుతుంది, 15 నిమిషాల సెషన్ అయ్యేసరికి ఎంతవుతుందో మీరే లెక్కేయండి. పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటికి, రాగానే, హెల్మెట్ తీయకముందే కొలవండి, నాలుగు నిమిషాలాగితే అంకె మారిపోతుంది. వేడి మీద మీ టైరుకి సరిపడే అంకె దాకా దించండి. ఆ అంకె ఎంత అంటే, టైరు అంచున బూట్లకి వేసే తెల్ల పాలిష్‌తో గీత గీసి వెళ్లి రండి. గోడ మీదున్న చిన్న త్రిభుజం గుర్తు దాటి కిందదాకా చెరిగిపోతే గాలి తక్కువ, త్రిభుజం దగ్గరికి కూడా చేరకపోతే ఎక్కువ. ఇంకోటి, ఎండలో నిలిపిన కారుకి ఎండ తగిలే వైపు టైర్లలో అంకె ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి ఆ వైపు గాలి తీసేయకండి.

మార్చే పని ట్రాక్ దగ్గర కాదు, ఇంటి దగ్గర నాలుగైదు రోజుల ముందే పెట్టుకోండి. బోల్టులు బిగించాక 50, 100 కిలోమీటర్లు తిరిగి మళ్లీ టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో చూపే పానా) చూసుకునే వీలుంటుంది. నా కారు పుస్తకంలో 120 న్యూటన్ మీటర్లని ఉంది, మీ దాంట్లో ఎంతుందో చూసుకోండి, షాపువాళ్ల గన్‌తో బిగించి సరే అనుకోవద్దు. తప్పనిసరై పాడక్‌లోనే (ట్రాక్ దగ్గర మన కార్లు నిలుపుకునే చోట) మార్చాల్సి వస్తే బ్రేకులు పూర్తిగా చల్లారాక మొదలెట్టండి. కాగిన బ్రేకుల మీద హ్యాండ్‌బ్రేక్ వేయొద్దంటారు, నిజమే, దాంతో జనం గేరులో పెట్టి జాకీ ఎత్తేస్తారు. ముందు చక్రాలు లాగే కారు ముందు భాగం ఎత్తితే గేరు పట్టు గాల్లో ఉన్నట్టే, కారు జాకీ మీంచి దొర్లుతుంది. చల్లారాక హ్యాండ్‌బ్రేక్ వేసి, నేల మీదున్న చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టి, స్టాండు వేశాకే చక్రం విప్పండి. మధ్యాహ్నం తారు మెత్తబడి జాకీ దిగబడుతుంది, కింద చెక్క పలక వేయండి.

మార్చాక మొదటి రెండు ల్యాపులూ ఆ కారు మీకు కొత్త అనుకుని నడపండి. గాలి హెచ్చరిక లైటు ఉన్న కారైతే దాన్ని రీసెట్ చేయండి. ప్రతి సెషన్ తర్వాతా బయటి అంచు చూడండి, రబ్బరు కింద దారాలు కనిపిస్తే ఆ టైరుకి వెనక చోటు కూడా లేదు, దాని పని అయిపోయింది.

తిరుగు ప్రయాణం మాట మర్చిపోవద్దు. ట్రాక్ కోసం తీసేసిన గాలి టైర్లు చల్లారాక డోరు స్టిక్కర్ మీదున్న అంకెకి మళ్లీ కొట్టించుకోండి. ట్రెడ్ 1.6 మిల్లీమీటర్ల గుర్తు దాకా వస్తే అది రోడ్డుకి పనికిరాదు. 3 లోపుంటే వానలో నమ్మకండి, ముఖ్యంగా వెనక చక్రాలకి. నవంబరులో చెన్నై నుంచి నెల్లూరు వచ్చే తీరం వెంట వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం. నాకు నాయుడుపేట దాటాక పట్టుకుంది, వెనక రెండూ ట్రాక్‌లో అరగదీసి వెనక్కి మార్చిన టైర్లు, నీళ్లు నిలిచిన చోటల్లా తోక తేలిపోతోంది. నెల్లూరు దాకా 50 దాటకుండా వచ్చాను, లోడు లారీలు హారన్ కొట్టి మరీ నన్ను దాటుకుంటూ పోయాయి.