గేర్లు వాటంతట అవే దూకుతున్నాయా? అడ్జస్టర్ ముట్టుకునే ముందు ఇది చదవండి

రోజూ ఆఫీసుకు తొక్కే గేర్ సైకిల్ ఏళ్ల తరబడి బాగానే నడుస్తుంది. ఉన్నట్టుండి ఒక రోజు గేరు దానంతట అదే దూకడం మొదలుపెడుతుంది. వెంటనే అందరి చెయ్యీ వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) దగ్గరి కేబుల్ అడ్జస్టర్ (గేరు కేబుల్ బిగువు మార్చే మర) మీదికే వెళ్తుంది. నా దగ్గరికి వచ్చే సైకిళ్లలో చాలావాటికి అది అప్పటికే చివరిదాకా తిరిగి ఉంటుంది. దయచేసి ముందు గేరు ఎప్పుడు, ఎక్కడ జారుతోందో గమనించండి.

గట్టిగా తొక్కినప్పుడే, అదీ ఒకటి రెండు గేర్లలోనే జారుతుంటే

ఇది అరుగుదల. చైన్ కొలవండి. ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకులు (పక్కపక్క పిన్నుల మధ్య ఒకటి చొప్పున) లెక్కపెట్టి స్కేలు పెడితే కొత్త చైన్ సరిగ్గా 12 అంగుళాలుంటుంది. అది 1/16 అంగుళం సాగితే చైన్ మార్చాలి. 1/8 అంగుళం దాకా సాగనిస్తే వెనక క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్లచక్రాల గుత్తి) పళ్లు కూడా అరిగిపోయినట్టే. నిమిషం పట్టే ఈ పని చెయ్యకుండా వారాల తరబడి స్క్రూలు తిప్పుతుంటారు. కొత్త చైన్ వేశాకే జారుడు మొదలైందంటే మీరు రోజూ వాడే గేరు పళ్లు అరిగాయని అర్థం. అప్పుడు క్యాసెట్ మార్చాల్సిందే.

చిన్న పళ్లచక్రం మీదికి ఆలస్యంగా దిగుతుంటే

కేబుల్ దాని తొడుగులో సాఫీగా జరగడం లేదు. డిరైలర్‌లోకి వంపు తిరిగి వెళ్లే చివరి తొడుగు ముక్కలోకి నీళ్లు, మట్టి చేరతాయి. నూనె పోస్తే నాలుగు రోజులే పనిచేస్తుంది. లోపలి కేబుల్, పైతొడుగు రెండూ కలిపి మార్చేయండి.

ఒక కొసన సరిచేస్తే ఇంకో కొసన చెడుతుంటే

నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే. చిన్న గేర్లలో చక్కగా పడేలా కుదిరిస్తే పెద్ద గేర్లలో గరగరమంటుంది, అక్కడ సరిచేస్తే ఇక్కడ దూకుతుంది. కొత్త కేబుల్, కొత్త చైన్, కొత్త క్యాసెట్ అన్నీ వేయించుకుని కూడా ఇదే బాధతో వచ్చినవాళ్లున్నారు. అసలు దోషం హ్యాంగర్‌ది. అంటే డిరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్కది.

సైకిల్ కుడివైపుకి పడినా, కిక్కిరిసిన స్టాండులో పక్క సైకిల్‌ను ఎవరో లాగినప్పుడు తగిలినా అది లోపలికి వంగుతుంది. గీత కూడా పడకపోవచ్చు. ఫ్రేమ్ దెబ్బతినకూడదనే దాన్ని మెత్తగా చేస్తారు. 8 గేర్ల క్యాసెట్‌లో పక్కపక్క పళ్లచక్రాల మధ్య దూరం 4.8 మిల్లీమీటర్లు, 10 గేర్లయితే 4 మిల్లీమీటర్ల లోపే. పైన హ్యాంగర్ వెంట్రుకవాసి వంగితే కింద వేలాడే పుల్లీల (డిరైలర్‌లో చైన్ నడిచే చిన్న చక్రాల) దగ్గర ఆ తేడా ఎంతో పెరుగుతుంది. దాన్ని ఏ అడ్జస్టరూ సరిచెయ్యలేదు.

ముందు వెనక చక్రం బిగింపు వదులు చేసి, ఇరుసు గాడిలో పూర్తిగా కూర్చునేలా చూసి మళ్లీ బిగించండి. పంక్చర్ వేశాక వంకరగా బిగించిన చక్రం కూడా ఇలాగే ఏడిపిస్తుంది. తర్వాత చైన్‌ను మధ్య గేరులో పెట్టి, సైకిల్ వెనక గొంతుకూర్చుని క్యాసెట్ ఎత్తులో కన్ను పెట్టండి. డిరైలర్‌లోని రెండు పుల్లీలూ పైనున్న పళ్లచక్రానికి తిన్నగా, ఒకే వరుసలో వేలాడాలి. కింది పుల్లీ స్పోకుల వైపు వాలి ఉంటే హ్యాంగర్ వంగినట్టే. అది బాగయ్యేదాకా అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదికి గేరు వేయొద్దు. డిరైలర్ స్పోకుల్లోకి వెళ్లిందంటే చక్రంతో పాటు ఒక్కోసారి ఫ్రేమ్ కూడా పోతుంది, మీరూ కింద పడతారు.

డిరైలర్‌ను పట్టుకుని లాగి సరిచెయ్యకండి. పుల్లీలను పట్టి ఉంచే దాని పంజరం కూడా వంగి ఒక సమస్య రెండవుతుంది. డిరైలర్ విప్పి, హ్యాంగర్ మర రంధ్రంలో బిగించే అలైన్‌మెంట్ గేజ్ వాడాలి. దాని చెయ్యిని రిమ్ చుట్టూ నాలుగు వైపులా తిప్పుతూ దూరం కొలవాలి. రిమ్‌కే వంకర ఉండొచ్చు కాబట్టి చక్రాన్ని కూడా తిప్పి, ప్రతిసారీ వాల్వ్ ఉన్న చోటే కొలవండి. చక్రం ఫ్రేమ్‌లో గట్టిగా బిగించి ఉండగానే కొంచెం కొంచెంగా వంచుతూ మళ్లీ మళ్లీ కొలుస్తూ రావాలి. స్టీలు ఫ్రేమ్‌తో కలిసి ఉన్న హ్యాంగర్ ఇలా వంచడాన్ని బాగానే ఓర్చుకుంటుంది. అల్యూమినియం హ్యాంగర్‌ను పదే పదే వంచితే విరుగుతుంది. ఒకసారి సరిచేసినా కొత్తది తెప్పించి పెట్టుకోండి. ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో ఆకారం ఉంటుంది, పాతది పక్కన పెట్టి పోల్చుకునే కొనండి.

హ్యాంగర్ తిన్నగా అయ్యాకే లిమిట్ స్క్రూలు (డిరైలర్ రెండు కొసలూ దాటిపోకుండా ఆపేవి), చివరగా కేబుల్ బిగువు. ఈ వరుస తప్పొద్దు.

పెడల్ రెండు మూడు చుట్లు తిరిగినప్పుడల్లా ఒకసారి టక్కుమంటే అది బిగుసుకున్న లింకు. దాన్ని అటూ ఇటూ మెల్లగా వంచితే వదులవుతుంది. ఫ్రీహబ్ (వెనక చక్రంలో క్యాసెట్ కూర్చునే భాగం) పాడవడం, షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేరు మీట) లోపల విరగడం చాలా అరుదు, వాటి సంగతి ఇవన్నీ చూశాకే.