ఘాటీ ఎక్కేటప్పుడు ఇంజను మిస్ అవుతోందా? ముందు ఎర్తు కొలవండి

ఒడిశాలో జయపురం, సునాబెడ, కోరాపుట్ చుట్టుపక్కల ఇంజను మార్చిన జిప్సీలు, టర్బో వేసిన చిన్న కార్లు ఇప్పుడు చాలానే తిరుగుతున్నాయి. వాటిలో ఏదైనా మిస్ అవడం మొదలైతే నా దగ్గరికి వచ్చేసరికే కొత్త కాయిల్ (ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించేది), కొత్త ఫ్యూయల్ పంపు వేసేసి ఉంటారు. ఈసీయూ (ఇంజను కంప్యూటరు) మ్యాపులో, అంటే ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టికలో, పెట్రోలు కూడా పెంచేసి ఉంటారు. "ప్లగ్గులు విప్పి చూశావా బాబూ?" అని అడిగితే "లేదన్నయ్యా" అనే జవాబే వస్తుంది. పది నిమిషాల పని అది. దయచేసి అక్కడ మొదలుపెట్టండి. సామాన్లు మార్చే ముందు ఎర్తు, అంటే కరెంటు తిరిగి వెళ్ళే నెగటివ్ దారి, కొలవండి.

రేసు చేస్తే బాగుంటుంది, బరువు పడగానే ఫట్‌ఫట్‌మంటుంది

ప్లగ్గు గ్యాప్ చూడండి. మామూలు ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) ఇంజనుకు 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్లు సరిపోతుంది. టర్బో వేశాక సిలిండరులో ఒత్తిడి పెరుగుతుంది, అంత గ్యాపును నిప్పురవ్వ దాటలేదు. 0.6, 0.7కి తగ్గించాలి. కొత్త ప్లగ్గు డబ్బాలోంచి తీసి అలాగే బిగించేస్తున్నారు, ఫీలర్ గేజ్ పెట్టి కొలిచేవాళ్ళు తక్కువ.

పై ఆర్పీఎంలో మెల్లగా బలం తగ్గిపోతుంది

ఇది పెట్రోలు సంగతి. పెట్రోలు లైనుకు ప్రెషర్ గేజ్ కట్టి, అద్దం మీద టేపుతో అతికించి, బండి నడుపుతూ చూడండి. నిలబెట్టి చూస్తే లాభం లేదు. మానిఫోల్డ్ వాక్యూమ్ గొట్టం తగిలించిన పెట్రోలు ఒత్తిడి రెగ్యులేటరైతే బూస్టు (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఒక బారు పెరిగినప్పుడు పెట్రోలు ఒత్తిడీ ఒక బారు పెరగాలి. పెరగకపోతే ముందు ఫిల్టరు, తర్వాత పంపు, ఆ తర్వాత రెగ్యులేటరు గొట్టం.

ఇంకొక మాట. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ రాకముందు చేసిన మ్యాపైతే బండి ఇప్పుడు కొంచెం లీన్‌గానే (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) నడుస్తుంది. ఒక పాలు మామూలు పెట్రోలుకు గాలి 14.7 పాళ్ళు చాలినచోట దీనికి 13.5 దగ్గరే సరి. ఆ తేడా మ్యాపులో సరిచేయాల్సిందే.

వైడ్‌బ్యాండ్ లీన్ అంటుంది, ప్లగ్గు మాత్రం నల్లగా తడిగా ఉంటుంది

ఇక్కడే అందరూ పడతారు, నేనూ పడ్డాను. వైడ్‌బ్యాండ్ అంటే సైలెన్సరు పైపులో బిగించే సెన్సరు. అది కొలిచేది పెట్రోలును కాదు, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను. నిప్పు అంటుకోకపోతే పెట్రోలూ కాలదు, గాలీ కాలదు. ఆ గాలంతా సెన్సరు ముందుకొస్తే మీటరు "లీన్" అని చూపిస్తుంది. మనం ఇంకా పెట్రోలు పోస్తాం, ప్లగ్గు ఇంకా తడుస్తుంది, ఇంకా మిస్ అవుతుంది. సెన్సరుకు ముందు సైలెన్సరు పైపు కారినా మీటరు ఇదే చూపిస్తుంది. మీటరుకూ ప్లగ్గుకూ పొత్తు కుదరనప్పుడు ప్లగ్గునే నమ్మండి.

నాకు ఈ పాఠం నేర్పింది సునాబెడ కుర్రాడి జిప్సీ. 1.6 ఇంజను, స్టాండలోన్ ఈసీయూ (కంపెనీది కాకుండా విడిగా వేసింది), బ్యాటరీ వెనక్కి మార్చింది. జయపురంలో పగలు ఎంత తోలినా మాట వినేది. రాత్రి వానలో సాలూరు వైపు నుంచి సుంకి ఘాటీ ఎక్కితే మాత్రం కుదుపులు, వెనక పటాసులు. ప్లగ్గులు మార్చాను, కాయిల్ మార్చాను, పంపు మార్చాను. మీటరు లీన్ అంటే 8 శాతం పెట్రోలు పెంచాను. రెండోసారి అదే ఘాటీలో ఆగిపోయి ఫోన్ చేశాడు. "ఏటన్నయ్యా, లైట్లు ఆర్పితే నడుస్తోంది!" ఆ ముక్కతో నాకు దారి దొరికింది.

ఇంజను రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది, కాబట్టి బాడీకీ దానికీ కరెంటు దారి ఒక్క ఎర్తు పట్టీయే. ఆ బండిలో బ్యాటరీ నెగటివ్ బాడీకి కట్టి ఉంది. ఆల్టర్నేటరు ఉండేది ఇంజను మీద. హెడ్‌లైట్లు, వైపరు, బ్లోయరు తాగిన కరెంటంతా బాడీలోంచి ఆ పట్టీ గుండానే తిరిగి ఆల్టర్నేటరుకు చేరాలి. ఛాసిస్‌కు కొత్తగా పౌడర్ కోటింగ్ చేయించారు, పట్టీ ఆ రంగు మీదే బిగించి ఉంది. పళ్ళ వాషరు రంగును ఎక్కడో కాస్త కొరికింది. మల్టీమీటరును బీప్ మీద పెట్టి చూస్తే చక్కగా కూసింది కూడా!

బీపును నమ్మొద్దు. బీప్ పరీక్షలో మీటరు పంపేది అతి కొద్ది కరెంటు. వైరులో ఒక్క పోగు మిగిలినా అది కూస్తుంది. సెల్ఫ్ మోటారు 100 ఆంపియర్లు లాగేటప్పుడు 0.01 ఓమ్ అడ్డు ఉన్నా 1 వోల్టు అక్కడే పోతుంది. అంత చిన్న అడ్డును మామూలు మీటరు ఓమ్స్‌లో చూపించలేదు. కరెంటు పారుతుండగా వోల్టేజి కొలవడమే మార్గం.

మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఒక ముల్లు ఇంజను హెడ్డు మీద శుభ్రమైన లోహానికి, రెండోది బ్యాటరీ నెగటివ్ సీసపు గుబ్బకే ఆనించండి, దానికి బిగించిన టెర్మినల్‌కు కాదు. ఇంజెక్టర్ల ఫ్యూజు తీసేసి సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టు దాటకూడదు. ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేసి, లైట్లు, బ్లోయరు, వైపరు, ఫ్యాను అన్నీ వేసి మళ్ళీ చూడండి. గుర్తు మైనస్ చూపించినా కంగారు పడొద్దు, అంకె ముఖ్యం. 0.1 లోపు ఉండాలి. ఆ జిప్సీలో సెల్ఫ్ కొడితే 2.1, లైట్లతో 0.9 వచ్చాయి. సెల్ఫ్ ఈడుస్తోందని అంతకుముందు మోటారునే అనుమానించాం.

పంపు, ఈసీయూ రెండూ బాడీ ఎర్తు మీదే ఉన్నాయి. అందుకే వోల్టేజి పడితే మూడు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. పంపు నెమ్మదిస్తుంది. ఇంజెక్టరు తెరుచుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఇంజెక్టర్లు మార్చినవాళ్ళు ఈసీయూలో వోల్టేజిని బట్టి ఆ సమయం సరిచేసే పట్టికను ముట్టుకోరు. కాయిల్ సంగతి ఇంకా ఘోరం: అదే సమయం ఛార్జి చేస్తే, 14 వోల్టులు 11కి దిగినప్పుడు నిప్పురవ్వలో శక్తి సుమారు 38 శాతం పోతుంది. పెట్రోలు జబ్బా, నిప్పు జబ్బా అని కొట్టుకుంటాం, జబ్బు రెండింటికీ కింద ఉంటుంది.

బాగుచేయడం కష్టం కాదు. పట్టీ కింద రంగు గీకి తెల్లని ఇనుము తేల్చండి, బిగించాక పైన గ్రీజు పూయండి. రాగి పట్టీ 25 చదరపు మిల్లీమీటర్లకు తగ్గొద్దు. బ్యాటరీ వెనక్కి మార్చినవాళ్ళు పాజిటివ్‌కు ఎంత లావు వైరు లాగారో అంతే లావు నెగటివ్ వైరు నేరుగా ఇంజను బ్లాకుకు లాగండి. సెన్సర్ల నెగటివ్‌ను బాడీకి కట్టొద్దు, ఈసీయూ ఇచ్చిన సెన్సర్ ఎర్తు పిన్నుకే తీసుకెళ్ళండి. ఆ తర్వాత, మరిచిపోకుండా, మధ్యలో పెంచిన పెట్రోలు తీసేయండి. వదిలేస్తే సిలిండరు గోడల మీద నూనె కడిగేసి రింగులు అరిగిపోతాయి.

పంపు పాజిటివ్ వైపూ ఇలాగే చూడండి. బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్ వరకు, పంపు తిరుగుతుండగా, అర వోల్టుకు మించితే రిలే గాని వైరు గాని మార్చాలి.

సెల్ఫ్ తిరుగుతుంది, అంటుకోదు

కీ తిప్పగానే రెండు సెకన్లు పంపు చప్పుడు వినాలి. లేకపోతే ఫ్యూజు, రిలే. చప్పుడుంటే ఇంజెక్టర్లు ఆపి నిప్పురవ్వ చూడండి. పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పుతో ఆటలొద్దు. కీ ఆన్ చేసి ఇంజను తిప్పకముందు మ్యాప్ సెన్సరు (పెట్రోలు మ్యాపు కాదు, మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) అంకె కూడా చూడండి. జయపురంలో 93, 94 కిలోపాస్కల్స్, కోరాపుట్‌లో 91 దగ్గర చూపాలి. 101 చూపిస్తే అది సముద్రపు ఒడ్డు అంకె, సెన్సరు లేదా దాని సెట్టింగు తప్పు.

క్యామ్ బెల్టు ఒక పన్ను దాటడం, క్రాంక్ సెన్సరు గ్యాప్, ఈసీయూ కాలిపోవడం వంటివి ఉంటాయి, అరుదు. పైవన్నీ కొలిచాకే వాటి జోలికి వెళ్ళండి.

సునాబెడ జిప్సీలో ఇప్పుడు సెల్ఫ్ కొడితే 0.2, లైట్లతో 0.05. మా వైపు వానకూ ఎర్రమట్టికీ రాగి పచ్చబడుతుంది, అందుకని వానాకాలం వెళ్ళగానే ఆ రెండు అంకెలూ మళ్ళీ తీసి ఫ్యూజు పెట్టె మూత లోపల రాసిపెడుతున్నాడు.