అవుట్‌పుట్ పరికరాలు – 3వ పాఠం: కాగితాన్ని చూసి లేజర్ ప్రింటర్ లోపం పట్టడం

కిందటి పాఠంలో మానిటర్ గురించి చూశాం. ఈసారి లేజర్ ప్రింటర్. పరీక్షలు దగ్గరపడ్డాయంటే హనుమకొండలో కాకతీయ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల జిరాక్సు షాపులు హాల్‌టికెట్ల కోసం వచ్చే విద్యార్థులతో కిక్కిరిసిపోతాయి. అప్పుడు ప్రింటు మసకగా వచ్చిందంటే చాలామంది ముందుగా కార్ట్రిడ్జ్ (ముద్రణ పొడి ఉండే పెట్టె) మార్చేస్తారు. అది చాలాసార్లు డబ్బు దండగ. లోపం ఎక్కడుందో పాడైన కాగితమే చెబుతుంది. దాన్ని చదవాలంటే లోపల ఏది ముందు, ఏది తర్వాత జరుగుతుందో తెలియాలి.

ఇందులో సిరా ఉండదు. టోనర్ అంటే మెత్తటి ప్లాస్టిక్ పొడి, నల్ల టోనర్‌కు రంగునిచ్చేది కార్బన్. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాక్కున్నట్టే, ఇక్కడా పనంతా స్థిర విద్యుత్తుదే.

అసలు పని జరిగేది డ్రమ్ అనే, తిరిగే గుండ్రటి గొట్టం మీద. దాని పూత చీకట్లో విద్యుదావేశాన్ని పట్టి ఉంచుతుంది, వెలుగు తగిలిన చోట వదిలేస్తుంది. మొదట ఛార్జింగ్ రోలర్ డ్రమ్ అంతటా రుణావేశం నింపుతుంది. గిరగిరా తిరిగే పలకల అద్దం మీదుగా వచ్చిన లేజర్ కిరణం, అక్షరం ఉండాల్సిన చోట మాత్రమే ఆ ఆవేశాన్ని పోగొడుతుంది. టోనర్‌దీ రుణావేశమే కనుక, ఆవేశం పోయిన చోటే అది అంటుకుంటుంది. కింద ధనావేశంతో ఉన్న ట్రాన్స్‌ఫర్ రోలర్ ఆ పొడిని కాగితం మీదికి లాగుతుంది. చివరికి ఫ్యూజర్ సుమారు 180–200 డిగ్రీల వేడితో, ఒత్తిడితో పొడిని కరిగించి అతికిస్తుంది. చేతికొచ్చే కాగితం వెచ్చగా ఉండేది అందుకే. 1971లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో గ్యారీ స్టార్క్‌వెదర్ కాపీ యంత్రానికే లేజర్ జోడించి తొలి నమూనా తయారుచేశారు. కాబట్టి జిరాక్సు యంత్రం తెలిసినవారికి ఇందులో సగం తెలిసినట్టే.

అంగుళానికి 600 చుక్కల ప్రింటరైతే, ఏ4 కాగితంలో దాదాపు 3.5 కోట్ల చోట్ల చుక్క పెట్టాలో వద్దో తేల్చుకోవాలి. తెలుగుకు ఈ సాంద్రత చాలా అవసరం. ‘లక్ష్మి’లో ష ఒత్తు, మ ఒత్తు ఒకే అక్షరానికి తగులుతాయి. 300 చుక్కలకు తగ్గించి చిన్న అక్షరాలు వేస్తే ఆ సందులు పూడిపోతాయి. తెలుగు దరఖాస్తులకు 600 కన్నా తగ్గించకండి.

ఇప్పుడు లోపాల సంగతి. అక్షరాలు బాగానే ఉండి వేలితో రుద్దితే రాలిపోతున్నాయా? ఫ్యూజర్ వేడెక్కడం లేదు, కార్ట్రిడ్జ్‌ను నిందించకండి. కాగితమంతా నల్లగా వచ్చిందా? డ్రమ్‌కు ఆవేశం అందడం లేదు. ఒకే మచ్చ సమాన దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంటే స్కేలు పెట్టి కొలవండి. 24 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ మీద గాటు పడితే దాదాపు ప్రతి 75 మిల్లీమీటర్లకు ఒక మచ్చ వస్తుంది. దూరం అంతకన్నా తక్కువైతే ఏదో చిన్న రోలర్‌ను అనుమానించాలి.

కాగితం తెల్లగా వస్తే మాత్రం ఒక పరీక్ష చేయాలి. కాగితం సగం లోపలికి వెళ్లగానే ముందు తలుపు తెరవండి, యంత్రం ఆగిపోతుంది. ఫ్యూజర్ జోలికి వెళ్లకుండా కార్ట్రిడ్జ్ బయటికి తీసి డ్రమ్ చూడండి. దాని మీద అక్షరాలు కనిపిస్తే లోపం ట్రాన్స్‌ఫర్ దగ్గర. కనిపించకపోతే అంతకు ముందు దశల్లో, అంటే లేజర్‌లోనో టోనర్ అందడంలోనో. చూడగానే డ్రమ్‌ను లోపల పెట్టేయండి, వెలుగు దానికి హాని చేస్తుంది. చేతికంటిన పొడిని చన్నీళ్లతోనే కడగండి, వేడినీళ్లకు అది మెత్తబడి అంటుకుంటుంది.

వరంగల్ వానాకాలంలో ఇంకో చిక్కు ఉంది. చెమ్మ పట్టిన కాగితం మీద ఆవేశం సరిగా నిలవదు, ముద్రణ అక్కడక్కడా పాలిపోతుంది, ఫ్యూజర్ దాటాక కాగితం చుట్టుకుపోతుంది. ఏ విడిభాగమైనా మార్చే ముందు కొత్త కట్ట విప్పి ఒక కాగితం వేసి చూడండి. మిగిలిన కట్టను ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచండి.

అభ్యాసం: దగ్గరి జిరాక్సు షాపులో పారేసిన కాగితాలు కొన్ని అడిగి తెచ్చుకోండి. ప్రతి దాని వెనుక, లోపం ఏ దశలో పుట్టిందో పెన్సిలుతో రాయండి. 4వ పాఠంలో ఇంక్‌జెట్.