కివీ రసం చెడడానికి మామిడి రసం అలవాటే కారణం: సమస్యలు, పరిష్కారాలు

వానాకాలం జ్వరాలు మొదలయ్యాయంటే హనుమకొండ, కాజీపేట పండ్ల బండ్ల మీద కూడా కివీ కనిపిస్తుంది. ప్లేట్‌లెట్లు పెరుగుతాయన్న నమ్మకంతో కొనేవారే ఎక్కువ. అది డెంగీకి చికిత్స కాదు గానీ, విటమిన్ సి దండిగా ఉన్న మంచి పండు. చిక్కంతా రసం తీసేటప్పుడే వస్తుంది. మామిడి గుజ్జులో పాలు, చక్కెర, ఐసు వేసి మిక్సీని నిమిషాల తరబడి తిప్పే అలవాటుతోనే కివీని కూడా తిప్పుతాము. మామిడి ఓర్చుకున్నదంతా కివీ ఓర్చుకోదు.

రసం పుల్లగా, వగరుగా ఉండి చక్కెర ఎంత వేసినా రుచి రాకపోతే

కాయ పండలేదని అర్థం. న్యూజిలాండ్, ఇరాన్ వంటి దేశాల నుంచి వచ్చే కివీని గట్టిగా ఉండగానే కోసి, చల్లని గిడ్డంగుల్లో దాచి పంపిస్తారు. అప్పటికి దానిలోని పిండిపదార్థం పూర్తిగా చక్కెరగా మారి ఉండదు. అటువంటి కాయలను ఒక అరటిపండుతో గాని, ఆపిల్‌తో గాని కలిపి కాగితపు సంచిలో మూతికట్టి ఉంచితే, ఆ పండ్లు వదిలే ఇథిలీన్ వాయువు వల్ల రెండు నుంచి నాలుగు రోజుల్లో మెత్తబడతాయి. మన ఎండాకాలంలో ఇంకా ముందే పండవచ్చు కనుక రోజూ చూసుకోవాలి. బొటనవేలితో మెల్లగా నొక్కినప్పుడు కొద్దిగా లోపలికి పోతే చాలు. సపోటాలా పూర్తిగా మెత్తబడేదాకా ఆగితే పులిసిన వాసన వస్తుంది. పండకముందే ఇంట్లో కత్తిపెట్టి కోసేసిన కాయతో రసం ప్రయత్నం మానుకుని, పచ్చిమిర్చి వేసి పచ్చడి నూరుకోవడం మేలు.

రసం చేదుగా, ఘాటుగా ఉంటే

నల్లగింజలు నలిగాయి. గింజ గింజగా ఉన్నంతవరకు ఏ ఇబ్బందీ లేదు, నలిగితేనే చేదు దిగుతుంది. తొక్క తీయడానికి కత్తితో కుస్తీ పట్టకుండా, పండును అడ్డంగా రెండు ముక్కలు చేసి చెంచాతో గుజ్జును తోడుకోవాలి. మిక్సీని ఒకేసారి నడపకుండా, మూడు నాలుగు సార్లు క్షణకాలం తిప్పి ఆపాలి. ఆ తర్వాత టీ జాలిలో వేసి, రుద్దకుండా చెంచాతో కదుపుతూ వడగట్టాలి. ఇప్పటికే చేదెక్కిన రసాన్ని పూర్తిగా బాగుచేయలేము. చిటికెడు ఉప్పు వేసి, బత్తాయి రసం కలిపితే కొంత తగ్గుతుంది.

పాలు కలిపాక చేదెక్కితే, విరిగితే

దీనికి గింజలను నిందించి లాభం లేదు. కివీలో ఆక్టినిడిన్ అనే ఎంజైము ఉంటుంది. అది మాంసకృత్తులను తెగగొడుతుంది. పాలలోని కేసీన్ అలా తెగినప్పుడు పుట్టే ముక్కలు చేదుగా ఉంటాయి. పండులోని పులుపు పాలను విరిచే పని కూడా చేస్తుంది. మా ఇంట్లో రాత్రి ఇష్టంగా చేసి ఫ్రిజ్‌లో పెట్టిన కివీ మిల్క్‌షేక్ తెల్లవారేసరికి వేపాకు కషాయంలా తయారైంది. చల్లదనం ఆ ఎంజైమును నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. పాలను ఎంత మరిగించినా ప్రయోజనం లేదు, ఎందుకంటే ఎంజైము ఉన్నది పండులో. గుజ్జును ఉడికించి చల్లార్చి కలిపితే ఎంజైము పనిచేయదు గాని, పచ్చరంగూ తాజా రుచీ రెండూ పోతాయి కాబట్టి నేను ఆ పద్ధతిని సిఫారసు చేయను. పాలు, పెరుగు తప్పనిసరి అనుకుంటే కలిపిన వెంటనే తాగేయాలి, లేదా ఈ ఎంజైము చాలా తక్కువగా ఉండే పసుపురంగు కివీని వాడాలి. చన్నీళ్లు, కొబ్బరినీళ్లు అయితే ఈ బాధే లేదు.

తాగాక నాలుక, గొంతు గీరినట్లు ఉంటే

చామగడ్డ కోసినప్పుడు చేతులు దురదపెట్టడానికి కారణమైన కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థపు సూదుల్లాంటి సన్నని స్ఫటికాలే కివీలోనూ ఉంటాయి. బాగా పండిన కాయను వాడి, రసాన్ని పలుచన చేసి తాగితే సాధారణంగా గీర తగ్గుతుంది. అయితే పెదవులు వాచినా, ఊపిరి బిగిసినా అది అలర్జీ కావచ్చు. వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి, మళ్లీ ఆ పండును ముట్టకూడదు.

పైన నురుగు, కింద నీరు చేరితే

ఇది లోపం కాదు. మిక్సీ ఎక్కువసేపు తిరిగితే గాలి చేరి నురుగు వస్తుంది. చెంచాతో తీసేసి, కలుపుకుని తాగవచ్చు.

ఆకుపచ్చ రంగు పోయి మురికిగా మారితే

కోసిన ఆపిల్ నల్లబడకుండా నిమ్మరసం పిండుతాము కదా అని దీనిలోనూ పిండుతారు. అది ఇక్కడ పనికిరాదు. కివీ రంగు పత్రహరితం వల్ల వచ్చినది; ఆమ్లం, వేడి కలిస్తే అదే గోధుమ కలిసిన పచ్చగా మారుతుంది, నిమ్మరసం ఆ మార్పుకు ఇంకా తోడ్పడుతుంది. పండ్లను ముందే ఫ్రిజ్‌లో చల్లబరచి, చన్నీళ్లతో తిప్పి, మోటారు వేడి జారుకు ఎక్కకముందే ఆపాలి. చుట్టాల కోసం ముందుగా చేయాలనుకుంటే రసం తీసి పెట్టకుండా, తోడిన గుజ్జును మూత బిగించిన డబ్బాలో చల్లగా దాచి, వారు గడప దాటాక మిక్సీ తిప్పడమే సరైన పద్ధతి.